ఆకాశంలో అడ్డాకు విస్తరి

మా ముత్తాత ఏడు ఊళ్ళ మక్తేదారు. గోదావరికి ఇవతలి ఒడ్డున, అడవి మొదలయ్యే చోట, నిజాం సర్కారుకు పన్ను కట్టి ఏలుకున్న ఊళ్ళవి. మా తాత ఆ హోదాకు కలప వ్యాపారం కలిపాడు. టేకు దుంగల్ని తెప్పలుగా కట్టించి, వానాకాలపు నీటి మీద రాజమండ్రి దాకా పంపేవాడు. అప్పట్లో ఇవతలి ఒడ్డు నిజాంది, భద్రాచలం ఉన్న అవతలి ఒడ్డు ఇంగ్లీషువాళ్ళది. రెండు సర్కార్ల అధికారులూ మా ఇంటి ముందు గుర్రం దిగి నడిచి వచ్చేవారు. మా నాన్న పటేలు. ప్రభుత్వం ఆ పదవులు ఎత్తేసిన రోజున ఆయన ఎప్పటిలాగే స్నానం చేసి, తలపాగా చుట్టుకొని, సావిట్లో తన చోట కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. మధ్యాహ్నం దాకా కూర్చొని, లేచి వెళ్ళి అన్నం తిన్నాడు.

నేను ఈ మనుషుల వారసుణ్ణి. ఇది చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. సీలింగు చట్టం వచ్చినప్పుడు భూమి దున్నేవాళ్ళకు పోయింది. దానికి మా ఇంట్లో ఎవరూ శోకాలు పెట్టలేదు. మిగిలిన చెలకలో నేను మిరప వేశాను. నారు నా చేతులతోనే నాటాను. పటేలు కొడుకు మోకాళ్ళ దాకా ధోవతి ఎగగట్టి చేలో దిగాడని నవ్వినవాళ్ళున్నారు. వాళ్ళు కూడా నా ముందు చుట్ట దాచేవారు.

ఉన్నదాంట్లో పెద్దది ఇల్లు. ఇల్లంటే ముఖ్యంగా కచేరి సావిడి. తాత తన తెప్పల్లోంచి ఏరి పక్కన పెట్టుకున్న టేకుతో కట్టించింది. ఒక్కో స్తంభం ఇద్దరు మనుషులు చేతులు చాపితే గానీ అందేది కాదు. పైకప్పు పలకల్లో మేకన్నది లేదు. పలకను పలక పట్టుకొని నిలబడేది. పెద్ద దర్వాజ నల్లని జిట్రేగి కర్రది. తడిగుడ్డతో తుడిస్తే నేరేడుపండు రంగు తేలేది.

ఆ సావిట్లో అమ్మకానికి ఒక పద్ధతి ఉండేది. అమ్మేవాడు కొనేవాడి ఇంటికి పోకూడదు. కొనేవాడే మా ఇంటికి రావాలి. కాళ్ళు కడుక్కొని, సావిట్లో కూర్చొని, మా విస్తట్లో అన్నం తినాలి. చెయ్యి కడిగాకే బేరం. ధర నోటితో చెప్పేది లేదు. తాత తన కండువా తీసి ఇద్దరి చేతుల మీదా కప్పేవాడు. కండువా కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకొని ధర చెప్పుకునేవారు. పట్టిన వేళ్ళే అంకెలు, సగం వేలు నొక్కితే సగం. చుట్టూ పదిమంది కూర్చున్నా ఎంతకు తెగిందో ఆ ఇద్దరికే తెలిసేది. రాజమండ్రి కలప వర్తకులంతా అట్లా తిని, అట్లా వేళ్ళు పట్టి కొన్నవాళ్ళే. నాన్న ఎడ్లను అమ్మినా ఇదే పద్ధతి.

ఎనభైలలో గోదావరి ఊళ్ళోకి వచ్చిన ఏడు మా ఇంట్లో నీళ్ళు నిలిచిపోయాయి. గోడలు మట్టివి. అప్పటినుంచి ప్రతి వానాకాలమూ ఒక గోడ కూలబడేది. తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం మేస్త్రీని పిలిపించాను. అతను గోళ్ళతో గోడ గీకి చూశాడు, స్తంభాన్ని వేలితో కొట్టి చూశాడు.

"కర్రకు ఢోకా లేదు దొరా. ఇంకో వంద ఏండ్లుంటది. మట్టే ఆగదు. ఈ వానలకో, మీదటి వానలకో పడుతది. పడ్డనాడు కర్రను గూడ తనతోని పట్కపోతది" అన్నాడు.

అంటే వానలు పడేలోపు సావిడిని విప్పాలి. విప్పి పెట్టుకోవడానికి మాకు చోటు లేదు, మళ్ళీ కట్టే స్తోమతూ లేదు. అమ్మాలి. కొత్తగూడెం నుంచి కోతమిల్లు యజమాని వచ్చాడు. చెప్పులు విడవకుండా సావిట్లోకి నడిచి, జేబులోంచి టేపు తీసి స్తంభం చుట్టూ వేశాడు.

"మస్తు సరుకు పటేలా. సైజులు కోసుకుంటే కాలనీ మొత్తానికి దర్వాజలు, కిటికీలు వెళ్తయ్" అన్నాడు సంబరంగా.

మా అమ్మ లోపలి గడప దగ్గర నిలబడి ఉంది. అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. ఇల్లు ఆమె పేరు మీదే ఉంది. ఆమె సంతకం లేకుండా పుల్ల కూడా కదలదు. అతను వెళ్ళాక ఒకటే మాట అంది: "రంపం పడితే నేను సంతకం పెట్ట."

ఆ తర్వాత వచ్చినవాడు బొంబాయి సేఠు తరఫు మేనేజరు. బెజవాడ మనిషి, మాటకారి. సేఠు సముద్రం ఒడ్డున పెద్ద హోటలు కట్టిస్తున్నాడట. అందులో పాతకాలపు కర్ర సావిడి ఒకటి, ఉన్నది ఉన్నట్టు తెచ్చి నిలబెట్టాలని ఆయన కోరికట. మేనేజరు రెండు రోజులు ఫోటోలు తీసుకున్నాడు. నెల తిరగకుండా మళ్ళీ వచ్చాడు, ఈసారి మొహం వెలిగిపోతూ.

"సేఠ్ గారికి తెగ నచ్చేసిందండీ. హైదరాబాదులో పెళ్ళికొస్తున్నారు. మీరోసారి హోటలు రూముకి వచ్చేస్తే అరగంటలో అయిపోతుంది."

"ఆయన్నే ఇక్కడికి తీసుకురండి. అన్నం తిని మాట్లాడుకుందాం" అన్నాను.

"తుంటి ఆపరేషనైందండీ ఆయనకి. మీ అడవి రోడ్డు మీద జీపులో వస్తే మళ్ళీ ఆస్పత్రికే."

లోపలినుంచి అమ్మ అడిగింది. "ఆ హోటలు గదికి కిరాయి ఎవడు కడతడు?"

"సేఠ్ గారేనమ్మా."

"కిరాయి కట్టినోడిదే ఇల్లు. మా పిలగాడు రాడు."

నాకప్పుడు యాభై దాటాయి. మేనేజరు నా నెరిసిన మీసాలు చూసి నవ్వాపుకున్నాడు.

"పోనీ మీ చుట్టాలెవరింట్లోనైనా?"

"చుట్టాలింటికి బేరం మోసుకపోతమా?"

"మరి నడిరోడ్డు మీద మాట్లాడుకోమంటారా అమ్మగారూ?"

"రోడ్డు మీద బేరం గొడ్లకు, మాకు గాదు."

మేనేజరు తల పట్టుకున్నాడు. పెళ్ళైన మర్నాడే సేఠు విమానంలో బొంబాయి వెళ్ళిపోతాడని, తమిళనాడు వైపు ఇంకో ఇల్లు కూడా చూసి పెట్టుకున్నాడని, ఇది తెగకపోతే అది కొనేస్తాడని చెప్పాడు. అది కొంటే మాకు మిగిలేది కోతమిల్లు, లేదా వాన.

"ఆ విమానంలో సేఠు పక్క సీటు దొరుకుతుందా?" అని అడిగాను.

మేనేజరు నోరు తెరిచి నన్ను చూశాడు. "దొరక్కేమండీ. కానీ ఆయన బిజినెస్ క్లాసులో వెళ్తారు. ముందు వరుసలు. దానికి టికెట్టు చాలా ఎక్కువ."

అమ్మ గడప దాటి సావిట్లోకి వచ్చింది. "ఆ విమానం ఎవరిది?" అంది.

"కంపెనీదమ్మా."

"దాంట్ల సేఠుకు వాటా ఉన్నదా?"

"లేదండీ."

"నీకో?"

"అయ్యో, నాకెక్కడిదండీ!"

అమ్మ నా వైపు తిరిగింది. "అయితే అది ఎవరి ఇల్లూ గాదు. పో బిడ్డా. కానీ మన అన్నం తినంది మాటెత్తకు. కంపెనీ పెట్టే తిండి లెక్కల్కి రాదు" అంది. మేనేజరు వైపు తిరిగి సేఠు ఏం తింటాడో అడిగింది. ఉల్లి తినడు, వెల్లుల్లి తినడు, భూమిలో ఊరేది ఏదీ తినడు, అల్లం కూడా పనికిరాదు అన్నాడు మేనేజరు. ఎండిన పసుపైతే పర్వాలేదట.

"మరేం తిని గంత హోటలు కడుతున్నడు?" అంది అమ్మ.

టికెట్టు తామే తీసుకుంటామన్నాడు మేనేజరు. వద్దన్నాను. వాళ్ళ టికెట్టు మీద ఎక్కితే వాళ్ళ బండెక్కినట్టే. ఆ ఏడు ఖమ్మం మార్కెట్లో మిరప అమ్మిన డబ్బు ఇంట్లో ఉంది. నా భార్య దాన్ని బీరువాలోంచి తీసిస్తూ ఊరుకోలేదు.

"ఏడాదంత ఎండల మాడి పండించిన మిరపకాయలు. మబ్బుల్ల చల్లి వస్తరన్నమాట."

"సావిడి నిలబడాల్నా, వద్దా?"

"నిలబడాలె. మరి వచ్చేటప్పుడు?"

"రైలు."

"రిజర్వేషనన్న ఉన్నదా?"

"జనరల్."

"బాగుంది. పోయేటప్పుడు మహారాజు, వచ్చేటప్పుడు మామూలు మనిషి."

"వచ్చేటప్పుడు బేరముండదు గద" అన్నాను. ఆమె నవ్వింది. నవ్వుతూనే నాన్న నల్ల షేర్వానీ పెట్టెలోంచి తీసి గుండీలన్నీ గట్టిగా ఉన్నాయో లేదో చూసింది.

టికెట్టు కోసం ముందే ఒకసారి హైదరాబాదు పోయి వచ్చాను. అక్కడ టికెట్లమ్మే ఆఫీసులో కుర్చీలో ఉన్నవాడు నా ధోవతి చూసి, మెత్తగా, "ఎకానమీ సరిపోతుంది కదా సార్, అదీ అదే టైముకు దిగుతుంది" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను అడిగింది ఇమ్మన్నాను. ఇచ్చాడు. ఆ తర్వాత "సార్" అన్న మాట అతని నోట్లోంచి వేరేగా వచ్చింది.

ప్రయాణం రోజు అమ్మ తానే పొయ్యి ముందు కూర్చుంది. పులిహోర చేసింది. పెసరగారెల్లో అల్లం బదులు మిరియాలు దంచి వేసింది. పెరుగన్నం పొద్దటికి పులుస్తుందని, గోరువెచ్చని పాలల్లో అన్నం కలిపి చుక్క మజ్జిగ వేసింది. దారిలో అదే తోడుకుంటుంది. అరిసెలు విడిగా మూట కట్టింది. అన్నీ నాలుగు గిన్నెల క్యారియరులో సర్దింది. పైన అడ్డాకు విస్తళ్ళు, తడిగుడ్డలో చుట్టి. కొత్తగూడెం దాకా బస్సు, అక్కడినుంచి రాత్రి రైలు. క్యారియరు ఒడిలోంచి దించలేదు.

బేగంపేట విమానాశ్రయంలో తనిఖీ చేసే పోలీసతను గిన్నెలు విప్పించాడు. పులిహోర వాసన ఆ హాలంతా కమ్ముకుంది.

"ఏంది పెద్దమనిషీ, గిదంత? విమానంల అన్నం పెడ్తరు గద."

"వాళ్ళ అన్నం వాళ్ళు పెడ్తరు. మా అన్నం మేం పెడ్తం."

"ఎవలకు?"

"చుట్టానికి."

"విమానంల చుట్టమా!" అని పక్కవాడితో చెప్పి నవ్వాడు. కానీ గిన్నెలు మళ్ళీ సర్దేటప్పుడు తనే మూతలు జాగ్రత్తగా బిగించాడు.

విమానంలో బిజినెస్ క్లాసంటే ముందువైపు కొద్ది వరుసలు. వెనక తెర. ఆ తెరకు అవతల మనుషులు ఇరుకిరుగ్గా ఉంటారు. ఇవతల సీట్లు మా నాన్న పడక్కుర్చీ అంత వెడల్పు. నా సీటు మొదటి వరుసలో నడవ పక్కన. కిటికీ వైపు సీటు సేఠుది, ఇంకా ఖాళీగా ఉంది. నేను కూర్చోలేదు. చుట్టం రాకముందు ఇంటివాడు కూర్చోడు. క్యారియరు సీటు మీద పెట్టి, చేతులు కట్టుకొని నిలబడ్డాను.

ఎయిర్‌హోస్టెస్ వచ్చింది. మా ఊళ్ళో పదో తరగతి చదివే పిల్లలా ఉంది. "సార్, కూర్చోండి" అంది ఇంగ్లీషులో. తర్వాత కూర్చుంటాను అన్నాను ఉర్దూలో. రెండోసారి వచ్చి హిందీలో చెప్పింది. నా వెనక సూటూ బూటూ వేసుకున్నాయన దారి కోసం ఆగి, "ఆయనకు సీటు ఎట్లా వాడాలో తెలియడం లేదేమో" అన్నాడు పక్కవాడితో తెలుగులో. నాకు తెలుగు రాదనుకున్నట్టున్నాడు. నేను పక్కకు జరిగి, "మీరు వెళ్ళండి. మీకెవరూ చుట్టాలు రావడం లేదు కదా" అన్నాను. ఆయన తల దించుకొని తన చోటికి పోయాడు.

చివరికి సేఠు వచ్చాడు. పొట్టి మనిషి, తెల్లని బట్టలు, చేతికర్ర. వెనక మేనేజరు పెట్టె మోసుకుంటూ వచ్చి, నాకు కన్నుగీటి, తెర వెనక్కి వెళ్ళిపోయాడు. నేను రెండు చేతులూ జోడించి "రండి, దయచేయండి" అన్నాను. కర్ర అందుకొని, ఆయన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, అప్పుడు నేను కూర్చున్నాను. మా మాటలన్నీ ఉర్దూలోనే. మా నాన్న నన్ను చిన్నప్పుడు ఉర్దూ బడిలోనే వేశాడు.

విమానం లేచింది. నడుము నిలబెట్టి కూర్చున్నాను. కింద హైదరాబాదు చెరువులు పళ్ళేల్లాగా మెరిసి, చిన్నవైపోయాయి. మా వంశంలో ఇంత ఎత్తున కూర్చున్న మొదటివాణ్ణి నేనే. ఆ మాట మనసులో అనుకొని మీసం సర్దుకున్నానని ఒప్పుకుంటాను.

సేఠు ఆలస్యం చేయలేదు. "చెప్పండి పటేల్ సాబ్. ఎంతకిస్తారు?"

"ముందు భోంచేద్దాం. మా అమ్మ పంపింది. తింటారా?" అన్నాను.

"మన్నించండి. నేను విమానంలో ఏమీ తినను. మందులు వేసుకుంటున్నాను. ధర చెప్పండి."

"భోజనం తర్వాత."

"తినను కదా."

"అయితే తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాతంటే ఎప్పుడు? ఇంకాసేపట్లో బొంబాయి" అని నవ్వి, ఆయన పేపరు విప్పుకున్నాడు.

అక్కడే నా బేరం ఆగిపోయింది. బొంబాయిలో దిగితే అది ఆయన ఊరు, ఆయన ఇల్లు. అక్కడ నేను నోరు విప్పకూడదు. విమానం తలుపు తెరిచేలోపు కావాలి, లేకపోతే కాదు. ధర అనే ఒక్క మాట అప్పుడే అనేసి ఉంటే ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. కానీ నేను పోగానే అమ్మ అడిగే మొదటి మాట ఏమిటో నాకు తెలుసు. "తిన్నడా?" అని అడుగుతుంది. ఆమెతో నేను అబద్ధం ఆడి ఎరుగను. కళ్ళ ముందు కోతమిల్లు రంపం తిరుగుతూ ఉంది.

హోస్టెస్ పింగాణీ పళ్ళేల్లో తిండి తెచ్చింది. ఇద్దరమూ వద్దన్నాం. తెర కాస్త తొలిగి, మేనేజరు తల కనబడింది.

"ఏమైందండీ?" అన్నాడు గుసగుసగా.

"ఇంకా తినలేదు."

"ఓరి దేవుడా" అన్నాడు. హోస్టెస్ అతణ్ణి వెనక్కి పంపి తెర లాగేసింది.

అప్పుడు నాకు నా పొరపాటు తట్టింది. తింటారా అని ఎందుకు అడిగాను? మా ఇంట్లో చుట్టాన్ని ఎవరూ అట్లా అడగరు. అడిగితే వద్దనడానికి దారి ఇచ్చినట్టే. విస్తరి వేస్తారు, అంతే. విమానం ఎక్కేసరికి నేను కూడా హోటలు వాడిలా అడిగాను.

క్యారియరు విప్పాను. ముందరి బల్లలు రెండూ దించి, రెండు అడ్డాకు విస్తళ్ళు పరిచాను. నీళ్ళు చిలకరించి తుడిచాను. పులిహోర, గారెలు, అరిసె, చివర్న పెరుగన్నం. ముందు ఆయన విస్తట్లో వడ్డించి, తర్వాత నా విస్తట్లో. వడ్డించి చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. చుట్టం ముద్ద ఎత్తకుండా నేను ముట్టను.

"సార్, మా దగ్గర ప్లేట్లున్నాయి" అంది హోస్టెస్ కంగారుగా.

"ఉండనీ తల్లీ" అన్నాను.

సేఠు పేపరు దించాడు. చాలాసేపు విస్తరి వైపే చూశాడు. వేలితో ఆకు ఈనె నిమిరాడు.

"ఇదేం ఆకు?"

"అడ్డాకు. మా అడవిలో ఒక తీగకు వస్తుంది. కోయ ఆడవాళ్ళు ఈనెపుల్లలతో కుడతారు."

ఆయన వంగి వాసన చూశాడు. "మా అమ్మమ్మ ఊళ్ళో మోదుగాకులతో కుట్టేవాళ్ళు. పెళ్ళంటే అదే. ఇప్పుడు నిన్నటి పెళ్ళిలో చూడండి, అంతా పింగాణీ" అని ఆగి, "ఉల్లి వేశారా?" అన్నాడు.

"లేదు."

"అల్లం?"

"మిరియం వేసింది మా అమ్మ."

"ఆవిడకెవరు చెప్పారు?"

"మీ మేనేజరును అడిగి తెలుసుకుంది."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. గారె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నేనూ ముద్ద ఎత్తాను. అంత రుచిగా నేను ఎన్నడూ తిన్నట్టు గుర్తులేదు. ఆయన పులిహోర అయ్యాక అరిసె దగ్గర కాసేపు ఆగి, పెరుగన్నం దగ్గర మాత్రం ఆగలేదు. అది అమ్మ చెప్పినట్టే పులుపన్నది లేకుండా తోడుకొని ఉంది. "ఇంకొంచెం ఉందా?" అన్నాడు. గిన్నెలో మిగిలింది వడ్డించాను.

సరిగ్గా అప్పుడే పైనుంచి ప్రకటన వినబడింది. విమానం దిగడానికి సిద్ధమవుతోందట. హోస్టెస్ పరుగున వచ్చి బల్లలు మూసేయాలంది.

"మనిషి తింటున్నాడు. విస్తరి ముందునుంచి లేపుతామా తల్లీ?" అన్నాను.

"సార్, రూల్..."

"రెండు ముద్దలు" అన్నాడు సేఠు నోటినిండా పెరుగన్నంతో. ఆ పిల్ల నవ్వాపుకోలేక మొహం పక్కకు తిప్పుకుంది. ఆయన విస్తరి ఖాళీ చేసే దాకా అక్కడే నిలబడి, తనే రెండు విస్తళ్ళూ మడిచి తీసుకుపోయింది. తడి తువ్వాళ్ళు వేడివేడిగా తెచ్చిచ్చింది. చేతులు తుడుచుకున్నాం.

నేను భుజం మీది కండువా తీసి మా ఇద్దరి సీట్ల మధ్య పరిచి, దాని కిందికి చెయ్యి చాపాను.

సేఠు ఒక్క క్షణం అర్థం కాక చూశాడు. మరుక్షణం ఆయన కళ్ళు చిన్నపిల్లవాడి కళ్ళయ్యాయి. "మీరు కూడానా!" అన్నాడు. "మా నాన్న పత్తి బజారులో ఇట్లాగే. రుమాలు కింద. నేను నేర్చుకున్నాను గానీ ఎవరితో చేయాలి, ఇప్పుడంతా ఫోన్లే" అంటూ చెయ్యి కండువా కిందికి దూర్చాడు.

ఆయన నా రెండు వేళ్ళు పట్టాడు. నేను తల అడ్డంగా ఊపి ఆయన అరచెయ్యి తెరిచాను. ఆయన నా మధ్యవేలు సగం దాకా నొక్కాడు. నేను మిగతా సగమూ నొక్కించాను. విమానం కిందికి దిగుతుంటే చెవులు మూసుకుపోయాయి. ఏ మాటా వినబడడం లేదు. వేళ్ళ బేరానికి చెవులతో పనిలేదు. కిటికీలో సముద్రం ఒక పక్కకు వాలి కనబడింది. ఆయన వెనక్కి లాగుతాడు, నేను వదలను. నేను చిటికెనవేలు ఇస్తాను, ఆయన మొహం చిట్లించి ఉంగరంవేలు అడుగుతాడు.

ఎదురుగా చిన్న సీటులో బెల్టు పెట్టుకొని కూర్చున్న హోస్టెస్ ఇద్దరు ముసలివాళ్ళు కండువా కింద చేతులు పట్టుకొని పెనుగులాడడం చూసింది. ముందుకు వంగి గట్టిగా, "భయపడకండి సార్. ల్యాండింగ్‌లో అట్లాగే ఉంటుంది" అంది.

"భయం ఈయనకు లేదమ్మా, నాకే" అన్నాడు సేఠు. "ఈయన నన్ను దోచుకుంటున్నాడు!"

ధర దాదాపు తెగింది. అప్పుడు నోటితో చెప్పవలసింది ఒక్కటే చెప్పాను. "రంపం తగలకూడదు. ఉన్నవి ఉన్నట్టు నిలబడాలి."

సేఠు చెయ్యి ఆగిపోయింది. "స్తంభాలు పొడుగెక్కువ పటేల్ సాబ్. మా హాలు కప్పు అంత ఎత్తు లేదు. అడుగున కొంచెం తీయాల్సి వస్తుంది. కొంచెమే."

నేను నా వేళ్ళన్నీ మూసి గుప్పిట చేశాను. మా పద్ధతిలో గుప్పిట మూస్తే బేరం లేదని అర్థం. ఆయనకు తెలుసు. కిటికీలోంచి రేకుల ఇళ్ళు, రోడ్లు దగ్గరికి వచ్చేస్తున్నాయి. ఆయన వాటి వైపు చూశాడు. నా మొహం చూశాడు. నేను ముందుకే చూస్తూ కూర్చున్నాను. గుప్పిట మాత్రం విప్పలేదు.

"కప్పు ఎత్తిస్తాను. హోటలు కట్టేవాణ్ణి నేనే కదా" అన్నాడాయన.

గుప్పిట విప్పాను. ఆయన నా బొటనవేలు పట్టి గట్టిగా నొక్కాడు. బేరం తెగింది. చక్రాలు నేలకు తగిలి విమానం అదిరింది. కండువా దులిపి భుజం మీద వేసుకున్నాను.

తలుపు తెరవగానే మేనేజరు అందరినీ తోసుకొని వచ్చాడు. "ఏమైందండీ?" అన్నాడు. సేఠు తన పొట్ట నిమురుకొని చూపించాడు. ఇంటికి రమ్మని, రెండు రోజులుండి పొమ్మని నన్ను చాలా బతిమాలాడు. మా సావిడి మీ హాల్లో నిలబడ్డాక చుట్టంగా వస్తానని చెప్పి, ఖాళీ క్యారియరు పట్టుకొని స్టేషనుకు పోయాను. జనరల్ పెట్టెలో తలుపు దగ్గర చోటు దొరికింది. నాన్న షేర్వానీ మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కనున్న షోలాపూర్ నేతపనివాళ్ళు ఎక్కడినుంచి వస్తున్నావని అడిగితే విమానం దిగి వస్తున్నానన్నాను. ఒక్కరూ నమ్మలేదు. నమ్మించాలని నాకూ అనిపించలేదు.

ఇల్లు చేరేసరికి అమ్మ సావిట్లో, నాన్న కూర్చునే చోటికి ఎదురుగా కూర్చొని ఉంది.

"తిన్నడా?"

"తిన్నడు. పెరుగన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నడు."

"పులిసిందా?"

"లేదు."

"రంపం?"

"పట్టడు. మాటిచ్చిండు."

ఎంతకు తెగిందని అడగలేదు. మేనేజరు కాగితాలు తెచ్చిన రోజున కళ్ళజోడు తెప్పించుకొని, వాటి మీద ఒక్కో చోట ఆగి ఆగి, తన పేరు పూర్తిగా, పొడి అక్షరాలు లేకుండా రాసింది.

సేఠు మాట తప్పలేదు. బొంబాయి నుంచి వడ్రంగులు వచ్చారు. ఏ పలక పక్కన ఏ పలక ఉందో సుద్దతో గుర్తులు పెట్టుకొని, పైనుంచి కిందికి ఒక్కొక్కటే విప్పారు. పని జరిగినన్నాళ్ళూ నేను పక్కనే నిలబడ్డాను. ఒక్క రంపం కూడా చూడలేదు. వాళ్ళందరికీ అమ్మే వండి పెట్టింది. అటవీ శాఖ పర్మిట్లు వచ్చాక లారీలు కదిలాయి. అప్పటికి మేం చెలకలో వేసుకున్న చిన్న ఇంట్లోకి మారాం. తొలి వానకు ఉత్తరపు గోడ, ఆ వెనకే మిగతావి పడిపోయాయి. వాటి కింద ఒక్క పుల్ల కూడా లేదు.

అమ్మినవి ఇవి: కచేరి సావిడి స్తంభాలన్నీ, వాటి మీది దూలాలు, పైకప్పు పలకలు, జిట్రేగి దర్వాజ. ఇంటి జాగాను రెండేళ్ళ తర్వాత ఒక మిర్చి వ్యాపారి గోదాము కోసం కొనుక్కున్నాడు.